ట్రయల్స్ సైకిలుకు వెనక హబ్బు: క్లిక్కుల లెక్క చూసి కొనకండి

కాలు నేలకు తాకకుండా, సైకిలు మీద నిలబడి, ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి దూకుతూ సాగే క్రీడను ట్రయల్స్ అంటారు. ఇందులో వేగం కన్నా తూకం, అదను ముఖ్యం. రైడరు వెనక బ్రేకు బిగించి వెనక చక్రం మీదే నిలబడతారు. సరైన క్షణంలో బ్రేకు వదిలి పెడలును ఒక్కసారి బలంగా తొక్కుతారు. ఆ ఒక్క తోపుతోనే సైకిలు ఎదుటి గోడ మీదికి చేరాలి. అప్పుడు వెనక చక్రం నడుమ ఉన్న హబ్బు పట్టు తప్పితే పెడలు ఖాళీగా కిందికి పోతుంది, మనిషి హ్యాండిలు మీద పడతారు. పళ్లు, మణికట్లు, మోకాళ్లు దెబ్బతినేది ఇలాంటి సందర్భాల్లోనే.

ఇంత భారం మోసే భాగాన్ని కొనేటప్పుడు చాలామంది యువకులు చూసేది ఒక్క అంకెనే: చక్రం ఒక చుట్టు తిరిగితే ఎన్ని క్లిక్కులు? 72 కన్నా 120 గొప్ప, 120 కన్నా 690 గొప్ప అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. ఈ కొలమానం సగమే నిజం. పుదుచ్చేరి లాంటి సముద్రతీర పట్టణంలోనైతే ఆ సగం కూడా మిగలదు. ఉప్పుగాలి, ఇసుక, తేమ ఉన్న చోట నమ్మదగిన హబ్బు అంటే పళ్లు లోతుగా ఉన్నది, బరువును ఎక్కువ నాలుకలు పంచుకునేది, ఊళ్లోనే విప్పి శుభ్రం చేసుకోగలిగినది. క్లిక్కుల సంఖ్య ఈ మూడింటి తర్వాతే. అలా ఎందుకంటున్నానో లెక్కలతో చెబుతాను.

ఆట ఎక్కడ పుట్టింది

మోటారు సైకిలు ట్రయల్స్ పాతకాలం నుంచీ ఉన్న క్రీడ. దాన్ని మామూలు సైకిలు మీదికి తెచ్చినది స్పెయిన్‌లోని కటలోనియా. అక్కడి మోటారు సైకిలు ట్రయల్స్ రైడరు పేరె పి, తన కొడుకు ఓట్ పి సైకిలు మీద అవే విన్యాసాలు చేయడం చూసి, 1970ల్లో దీన్ని ఒక క్రీడగా మలచడానికి పూనుకున్నారు. ఇప్పుడు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 20 అంగుళాలు, 26 అంగుళాల చక్రాల విభాగాల్లో ప్రపంచ చాంపియన్‌షిప్ నడుపుతోంది. 2009లో స్కాట్లండ్ రైడరు డానీ మెకాస్కిల్ ఎడిన్‌బరో వీధుల్లో చేసిన విన్యాసాల వీడియో ఇంటర్నెట్‌లో వ్యాపించాక, పోటీల పేరు వినని ఊళ్లలోనూ పిల్లలు మెట్ల మీద, గట్ల మీద సైకిళ్లు ఎగరవేయడం మొదలుపెట్టారు.

సైకిలు పుదుచ్చేరికి కొత్త కాదు. నేల చదునుగా ఉంటుంది, వీధులు గళ్లు గీసినట్టు సూటిగా ఉంటాయి. సాయంత్రం పూట సముద్రపు ఒడ్డున గూబెర్ అవెన్యూ మీద మోటారు వాహనాలను ఆపేస్తారు. చూడవచ్చినవారు కూడా అద్దె సైకిలు మీదే ఊరు తిరుగుతారు. ఇలాంటి ఊళ్లో ట్రయల్స్ మోజు పుట్టడం సహజం. అయితే అదే సముద్రం హబ్బుకు శత్రువు.

హబ్బు లోపల జరిగేది

పాతకాలపు గోడ గడియారానికి కీ ఇచ్చేటప్పుడు టిక్ టిక్‌మని శబ్దం వస్తుంది. ఒక వైపు తిప్పితే తిరుగుతుంది, వెనక్కి తిరగదు. పళ్ల చక్రం మీద స్ప్రింగుతో ఒత్తుకుని ఉన్న చిన్న ఉక్కు ముక్క ఆ పని చేస్తుంది. దాన్ని ఇక్కడ నాలుక అందాం. సైకిలు ఫ్రీవీలులోనూ, ఫ్రీహబ్బులోనూ ఉన్నది అదే ఏర్పాటు. తొక్కినప్పుడు నాలుకలు పళ్లలో ఇరుక్కుని చక్రాన్ని తోస్తాయి. తొక్కడం ఆపితే పళ్ల మీదుగా జారుతూ చప్పుడు చేస్తాయి. వాలులో దిగుతున్న సైకిలు వెనక నుంచి వినిపించే కరకర శబ్దం ఇదే.

పళ్లు ఎన్ని ఉంటే అంత త్వరగా పట్టు దొరుకుతుంది. చుట్టుకు 18 పట్టులుంటే ఒక పట్టుకూ ఇంకో పట్టుకూ మధ్య 20 డిగ్రీలు. 36 అయితే 10 డిగ్రీలు, 72 అయితే 5 డిగ్రీలు. స్విట్జర్లాండ్ కంపెనీ డీటీ స్విస్ తన హబ్బుల్లో నాలుకలకు బదులు ఎదురెదురుగా కలిసే రెండు పళ్ల బిళ్లలను వాడుతుంది. వాటిని 18, 36, 54 పళ్లతో అమ్ముతుంది. అమెరికా కంపెనీ క్రిస్ కింగ్ 72 పళ్ల రింగులు వాడుతుంది. ఇండస్ట్రీ నైన్ అనే ఇంకో అమెరికా కంపెనీ 115 పళ్ల రింగు మీద ఆరు నాలుకలను ఒకదాని తర్వాత ఒకటి తగిలేలా అమర్చి 690 పట్టులు సాధించింది. అంటే అర డిగ్రీకి ఒక పట్టు.

ట్రయల్స్‌లో త్వరగా పట్టు దొరకడం నిజంగానే అవసరం. ముందు 18, వెనక 15 పళ్లు ఉన్న ట్రయల్స్ సైకిలు తీసుకుందాం. క్రాంకు పొడవు 175 మిల్లీమీటర్లు. వెనక హబ్బుకు 20 డిగ్రీల ఖాళీ ఉంటే, పట్టు దొరికే లోపు పెడలు దాదాపు 5 సెంటీమీటర్లు ఊరికే కిందికి పోవచ్చు. 5 డిగ్రీల ఖాళీ అయితే అది 13 మిల్లీమీటర్లకు మించదు. ఒంటి చక్రం మీద తూకం నిలుపుకుంటున్న మనిషికి ఈ తేడా చిన్నది కాదు. పైగా ఖాళీగా పోయిన కాలు వేగం పుంజుకుని ఒక్కసారిగా పళ్లను గుద్దుతుంది. కాబట్టి 18 పట్టుల హబ్బు ఈ ఆటకు పనికిరాదన్న మాట సరైనదే. 72 నుంచి పైకి పోయేకొద్దీ లాభం చాలా తగ్గుతుంది, నష్టం పెరుగుతుంది. అక్కడే నా అభ్యంతరం.

పన్ను మీద పడే బరువెంత?

70 కిలోల మనిషి పెడలు మీద నిలబడితే చాలు, క్రాంకు దగ్గర 120 న్యూటన్ మీటర్ల మెలి బలం పుడుతుంది. 18:15 పళ్ల నిష్పత్తిలో అది వెనక హబ్బుకు 100 న్యూటన్ మీటర్లుగా చేరుతుంది. ముందు 44, వెనక 18 పళ్లు ఉన్న మామూలు సైకిలుకు ఇదే మనిషి తొక్కితే చేరేది 49 మాత్రమే. అంటే ట్రయల్స్ సైకిలు హబ్బు ఊరికే నిలబడినప్పుడే రెట్టింపు మోస్తుంది.

నాలుకలు ఇరుసు మధ్య నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. 100 న్యూటన్ మీటర్లను ఆ దూరంతో భాగిస్తే 6,670 న్యూటన్లు. మన వాడుక భాషలో దాదాపు 680 కిలోల బరువు. ఇది కదలకుండా నిలబడినప్పటి లెక్క. ఎగిరి గుద్దినట్టు తొక్కినప్పుడు బలం రెండున్నర రెట్లు అయిందనుకుంటే 1,700 కిలోలు. ఒక చిన్న కారు కన్నా ఎక్కువ బరువు వేలిగోరంత ఉక్కు ముక్కల మీద పడుతోందన్నమాట. మూడు నాలుకలు సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి దాదాపు 570 కిలోలు. ఒక్కటే పట్టుకుని మిగతా రెండు పైకి లేవకపోతే మొత్తం ఆ ఒక్కదాని మీదే.

ఇప్పుడు పళ్ల కొలత చూద్దాం. 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రింగు చుట్టుకొలత 94 మిల్లీమీటర్లు. అందులో 36 పళ్లు చెక్కితే ఒక్కో పన్నుకు 2.6 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. 72 పళ్లు చెక్కితే 1.3 మిల్లీమీటర్లు. 120 చెక్కితే 0.8 మిల్లీమీటర్లు. పన్ను లోతు ఇంతకన్నా తక్కువే ఉంటుంది. క్లిక్కులు పెరిగేకొద్దీ పన్ను సన్నబడుతుంది, నాలుక కొసకు దొరికే ఆధారం కురచబడుతుంది.

ఆరు నాలుకలు వరసగా ఒక్కొక్కటే తగిలే హబ్బుల్లో ఇంకో సంగతి ఉంది. బరువు ముందు ఒకే నాలుక మీద పడుతుంది. ఇరుసు, రింగు కాస్త వంగాక మిగతావి అందుకుంటాయి. తయారీలో సూక్ష్మమైన కొలతలు పాటించే కంపెనీలు దీన్ని లెక్కలోకి తీసుకునే రూపొందిస్తాయి. అదే రూపాన్ని చూసి చవకగా చేసిన నకళ్లలో ఆ కొలతలు ఉంటాయన్న హామీ లేదు. డబ్బా మీది అంకె మాత్రం రెండింటికీ ఒకటే.

మధ్యే మార్గం ఒకటుంది. రింగుకు 36 లోతైన పళ్లే ఉంచి, ఆరు నాలుకలను మూడేసి చొప్పున రెండు జట్లుగా, సగం పన్ను ఎడంతో అమర్చడం. అప్పుడు పట్టులు 72 అవుతాయి, పన్ను మాత్రం 2.6 మిల్లీమీటర్ల చోటు కోల్పోదు. ప్రతిసారీ మూడు నాలుకలు కలిసి మోస్తాయి. తీరప్రాంతపు రైడరు వెతకాల్సింది ఇలాంటి అమరిక.

పుదుచ్చేరి గాలిలో ఉన్నది

లెక్క ఇంతవరకూ కొత్త హబ్బు గురించి. కొన్న నాలుగు నెలలకు దాని లోపల ఏముంటుందన్నది అసలు ప్రశ్న.

సముద్రపు అలలు విరిగినప్పుడు ఎగిరే సన్నటి తుంపరలు ఆరిపోయి, ఉప్పు రేణువులు గాలిలో తేలుతుంటాయి. ఉప్పుకు తేమను పీల్చే గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తానే నీరుగా మారుతుంది. వానాకాలంలో ఉప్పుడబ్బా చెమ్మగిల్లడం అందరి వంటింట్లోనూ చూస్తాం. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడు ఇంకా ఆశపోతు. గాలిలో తేమ 33 శాతం దాటితేనే అది నీరు పట్టుకుంటుంది. అంటే బంగాళాఖాతం ఒడ్డున ఉప్పు పడిన లోహపు భాగం బయటికి పొడిగా కనిపించినా, దాని మీద కంటికి కనపడని ఉప్పునీటి పొర ఉండవచ్చు. వాన పడక్కర్లేదు.

హబ్బు డొల్ల అల్యూమినియం, నాలుకలు, రింగు, ఇరుసు ఉక్కు. వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తగిలి ఉంటే అది ఒక చిన్న బ్యాటరీ. తక్కువ స్థాయి లోహమైన అల్యూమినియం తిన్నగా కరుగుతూ తెల్లటి పొడి వదులుతుంది. హబ్బు మరల మీద బిగించిన ఫ్రీవీలు ఏడాది తిరిగేసరికి ఊడిరాకుండా అతుక్కుపోవడానికి ఇదొక పెద్ద కారణం. తమిళనాడులోని కారైకుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ సెక్రి దశాబ్దాలుగా ఈ తుప్పు సమస్య మీదే పనిచేస్తోంది. రామేశ్వరం దగ్గరి మండపంలో సముద్రపు గాలికి లోహపు ముక్కలను పెట్టి, ఎంత తింటోందో కొలిచే కేంద్రం కూడా దానికి ఉంది. వంతెనల కోసం, ఓడల కోసం నేర్చుకున్న ఆ పాఠం సైకిలు హబ్బుకూ వర్తిస్తుంది.

తుప్పు కన్నా ముందే దెబ్బతీసేది నాలుక కింది స్ప్రింగు. అది సన్నటి తీగ. దాని మీద రవ్వంత తుప్పు చేరినా, గట్టి గ్రీజు పేరుకున్నా నాలుక సమయానికి లేవదు. మూడింటిలో ఒకటి లేవకపోతే సైకిలు మామూలుగానే నడుస్తుంది. మీకు తెలియదు. పెద్ద గెంతు వేసిన రోజున తెలుస్తుంది.

ఇక ఇసుక. 1980ల చివర రేవు కట్టడంతో ఉత్తరం వైపు ఇసుక మేట ఆగి, పుదుచ్చేరి తీరం కోతకు గురైంది. ఒడ్డు పొడవునా బండరాళ్లు పోయాల్సి వచ్చింది. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ నీటిలో మునిగి ఉండే కట్టడం ఒకటి అమర్చాక కొంత మేర ఇసుక తిరిగి చేరింది. ఊరివాళ్లకు ఇది సంతోషమే. సైకిలు హబ్బుకు కాదు. సన్నటి ఇసుక రేణువు పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది. పన్ను లోతు ఒక మిల్లీమీటరు ఉన్న రింగులో ఆ రేణువు చిక్కితే నాలుక ముప్పావు వంతు లోపలికి దిగుతుంది. పన్ను లోతు 0.4 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న రింగులో అదే రేణువు సగానికి పైగా అడ్డం పడుతుంది. అంచు మీద ఆనిన నాలుక బరువు పడగానే జారుతుంది, జారుతూ అంచును చెక్కేస్తుంది. ప్రయోగశాలలో గెలిచిన 120 క్లిక్కులు సముద్రపు ఒడ్డున ఓడిపోయేది ఇలాగే.

ఒక మాట. ఒడ్డున పోసిన ఆ బండరాళ్లు ట్రయల్స్‌కు అనువుగా కనిపిస్తాయి. వాటి మీదికి సైకిలు ఎక్కించవద్దు. తడికి, నాచుకు జారతాయి, సందుల్లో కాలు ఇరుక్కుంటుంది, కెరటం వచ్చేది చెప్పి రాదు. హబ్బు ఎంత మంచిదైనా అక్కడ కాపాడలేదు.

బేరింగు, ఇరుసు: చప్పుడు చేయని భాగాలు

నాలుకలు చప్పుడు చేస్తాయి కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడతారు. బేరింగులు చడీచప్పుడు లేకుండా అరుగుతాయి.

సైకిలుతో కలిపి 85 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి వెనక చక్రం మీద దిగిందనుకుందాం. మోకాళ్లు, టైరు కలిసి 30 సెంటీమీటర్ల మేర ఆ దెబ్బను మింగితే సగటు బలం దాదాపు 3,600 న్యూటన్లు. మోకాళ్లు బిగబట్టి, 10 సెంటీమీటర్లలోనే ఆగితే అది 9,200 న్యూటన్లు అవుతుంది. హబ్బుల్లో తరచూ కనిపించే 6001 నంబరు బేరింగు, అంటే 12 మిల్లీమీటర్ల రంధ్రం, 28 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం ఉన్నది, కదలకుండా మోయగల బరువు పరిమితి దాదాపు 2,360 న్యూటన్లని తయారీదారుల పట్టికలు చెబుతాయి. రెండు బేరింగులు సమంగా పంచుకుంటే మొదటి దిగుడు పరిమితిలోనే ఉంది. రెండోది దాదాపు రెట్టింపు దాటింది. అలా దాటినప్పుడు గోళీలు తమ దారిలో చిన్న గుంటలు వేస్తాయి. ఆ తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పితే గరగరమంటూ తగిలి తగిలి తిరుగుతుంది. బేరింగు ఆయుష్షు బరువుకు ఘనం చొప్పున తగ్గుతుందన్నది ఇంజినీరింగ్‌లో స్థిరపడిన సూత్రం. బరువు రెట్టింపయితే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

అందుకే మెత్తగా దిగడం నేర్చుకున్న రైడరుకు సాధారణ హబ్బు కూడా ఎక్కువ కాలం వస్తుంది. వస్తువు నాణ్యతలో కొంత భాగం వాడే మనిషి మోకాళ్లలో ఉంది.

బేరింగు కొనేటప్పుడు రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది అడగండి. దాని నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉంటుంది. జడ్‌జడ్ అని ఉంటే అవి రేకు మూతలు. దుమ్మును కొంత ఆపుతాయి, ఉప్పునీటిని ఆపలేవు. స్టెయిన్‌లెస్ ఉక్కు బేరింగులు తుప్పును బాగా తట్టుకుంటాయి. వాటి మోత శక్తి మామూలు బేరింగు ఉక్కు కన్నా కాస్త తక్కువ ఉండవచ్చు. తీరంలో ఆ బేరం లాభమే. ఖరీదైన సిరామిక్ గోళీలు ఈ ఆటకు అక్కర్లేదు.

ఫ్రీవీలు ముందా, వెనకా?

ట్రయల్స్‌లో ఒక ప్రత్యేకత ఉంది. ఫ్రీవీలును వెనక హబ్బులో కాకుండా ముందు క్రాంకు మీదే బిగించే పద్ధతి ఎప్పటినుంచో వాడుకలో ఉంది. అప్పుడు వెనక హబ్బులో నాలుకలు, స్ప్రింగులు ఏవీ ఉండవు. ఒక డొల్ల, ఒక ఇరుసు, రెండు బేరింగులు, మరల మీద బిగించిన పళ్ల చక్రం, అంతే.

దీని మీద రెండు విమర్శలున్నాయి. ఒకటి, క్రాంకు దగ్గర మెలి బలం తగ్గదు. 18:15 నిష్పత్తిలో వెనక హబ్బు 100 మోస్తే ముందు ఫ్రీవీలు 120 మోయాలి. రెండోది, చక్రం తిరుగుతున్నంత సేపూ చైను కూడా తిరుగుతూనే ఉంటుంది. ప్యాంటు అంచు, వేళ్లు జాగ్రత్త. రెండూ నిజమే.

అయినా పుదుచ్చేరిలో ఆట మొదలుపెట్టేవారికి నేను సూచించేది ఈ పద్ధతినే. కారణం మరమ్మతు. నాలుకలు వెనక హబ్బులో పాడైతే స్పోకులన్నీ విప్పి చక్రం తిరిగి కట్టాల్సి రావచ్చు, లేదా విడి భాగాల కోసం వారాల తరబడి ఎదురు చూడాలి. ముందు ఫ్రీవీలు పాడైతే క్రాంకు విప్పి, ఫ్రీవీలు మార్చి, సాయంత్రానికి బయలుదేరవచ్చు. ఉప్పు తప్పనిసరిగా ఏదో ఒక భాగాన్ని తినే ఊళ్లో, తినదగిన భాగం సులువుగా ఊడివచ్చేదై ఉండాలి. తొక్కేకొద్దీ ఫ్రీవీలు బిగుసుకుంటుంది కాబట్టి బిగించే ముందే మరలకు గ్రీజు పట్టించడం మరవకూడదు.

ఆట బాగా వచ్చి, వీధుల్లో దూరం కూడా తొక్కేవారికి వెనక ఫ్రీహబ్బు సుఖం. వారు పైన చెప్పిన లోతైన పళ్ల అమరికనో, ఎదురెదురు బిళ్లల అమరికనో ఎంచుకోవచ్చు. పనిముట్లు పెద్దగా లేకుండానే విప్పి శుభ్రం చేసుకోగలగడం ఆ రెండో రకానికి ఉన్న పెద్ద గుణం.

దుకాణంలో అడగాల్సినవి

అమ్మేవారిని ఐదు ప్రశ్నలు అడగండి. రింగుకు పళ్లెన్ని, ఒకేసారి పట్టే నాలుకలెన్ని? నాలుకలు, స్ప్రింగులు విడిగా దొరుకుతాయా? బేరింగు నంబరు ఏమిటి, అది బజారులో దొరికే కొలతేనా? విప్పడానికి ఏ పనిముట్టు కావాలి, అది మీ దగ్గరుందా? ఇరుసు బోలుదా, గట్టిదా, ఏ లోహంతో చేసింది? ఈ ఐదింటికీ సమాధానం రాకపోతే క్లిక్కులు ఎన్ని ఉన్నా ఆ హబ్బు వదిలేయండి.

కొన్నాక నేల మీదే పరీక్ష చేయండి. హెల్మెట్ పెట్టుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి, వెనక బ్రేకు బిగించి, పెడలు మీద పూర్తి బరువు వేయండి. బ్రేకు వదిలి చక్రాన్ని కొద్దిగా జరిపి మళ్లీ వేయండి. ఇలా చుట్టు మొత్తం పూర్తయ్యేదాకా. ఎక్కడైనా టక్కుమని జారితే ఆ రోజు ఆట లేదు. ఇది మొండి సూత్రంగా పెట్టుకోవాలి. ఒకసారి జారిన నాలుక అంచు చెక్కుకుపోయి ఉంటుంది, రెండోసారి ఇంకా తేలిగ్గా జారుతుంది.

ఒడ్డున తిరిగి వచ్చాక నెమ్మదిగా పారే మంచినీటితో ఉప్పు కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పైపుతో ఒత్తిడిగా కొట్టే నీరు సీళ్లను దాటి ఉప్పును లోపలికే పంపుతుంది. నెలకోసారి హబ్బు తెరిచి, నాలుకలకు పల్చటి నూనె, బేరింగులకు మాత్రమే గ్రీజు పెట్టండి. రెండింటికీ ఒకే గట్టి గ్రీజు పూయడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

ప్రమాణం ఎవరిని వదిలేసింది

సైకిళ్ల భద్రతకు ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఫ్రేము, బ్రేకులు, చక్రాలు, పెడలు నుంచి వెనక చక్రం దాకా బలం చేరవేసే భాగాలు, అన్నింటికీ అందులో పరీక్షలున్నాయి. కానీ తన పరిధిని చెప్పే చోటే అది పోటీల కోసం, విన్యాసాల కోసం చేసిన సైకిళ్లను మినహాయిస్తుంది. అంటే మామూలు సైకిలు కొనేవారికి ఉన్న రక్షణ, దానికన్నా రెట్టింపు బరువు మోసే హబ్బు కొనేవారికి లేదు. కంపెనీ మాట తప్ప వేరే ఆధారం లేదు.

ఈ ఖాళీని పూడ్చడం కష్టమేమీ కాదు. ప్రతి హబ్బు డబ్బా మీద పట్టుల సంఖ్యతో పాటు, ఎన్ని న్యూటన్ మీటర్ల దాకా పరీక్షించారో, ఎన్నిసార్లు ఆ బరువు వేసి చూశారో అచ్చువేయాలని అడగవచ్చు. ఉప్పు తుంపర గదిలో ఎన్ని గంటలు ఉంచారో చెప్పమనవచ్చు. ఆ పరీక్ష వాహన భాగాల పరిశ్రమకు పాతదే. పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయం లాంటి చోట మెకానికల్ విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు. నాలుగు రకాల హబ్బులు తెచ్చి, ఉప్పుగాలిలో కొన్ని నెలలు ఉంచి, తర్వాత మెలి బలం వేసి ఏది ఎప్పుడు జారిందో కొలవడానికి బ్రహ్మాండమైన యంత్రాలు అక్కర్లేదు. ఫలితం మాత్రం మొత్తం తూర్పు తీరానికి పనికొస్తుంది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన మన యానాం పిల్లలకు, కాకినాడ, విశాఖ, మచిలీపట్నం పిల్లలకు వచ్చే గాలీ ఈ సముద్రం మీది నుంచే.

పిల్లలు సైకిళ్ల మీద గోడలెక్కుతామంటే వద్దనే పెద్దలు ఎక్కువ. వద్దన్నా ఎక్కుతారు. ఎక్కేవారికి తాము కాలు మోపుతున్న పెడలుకూ, చక్రానికీ మధ్య ఎన్ని నాలుకలున్నాయో, అవి ఎంత బరువు మోస్తాయో తెలియాలి. హబ్బు కొనే ముందు దాన్ని విప్పి చూపించమని అడగండి. విప్పి చూపించగల దుకాణంలోనే కొనండి.